వెనుక నిలబడి గెలిపించిన మాస్టారు - సయ్యద్ అబ్దుల్ రహీం

ఫుట్‌బాల్ ఆటలో గోల్ కొట్టినవాడి పేరు అందరికీ గుర్తుంటుంది. గోల్ పడకుండా అడ్డుకున్న బ్యాక్ ఆటగాడి పేరు కొద్దిమందికే గుర్తుంటుంది. ఆ బ్యాక్‌కి ఎక్కడ నిలబడాలో, బంతి కాలికి తగిలాక ఏం చెయ్యాలో నేర్పిన మాస్టారి పేరు మాత్రం దాదాపు ఎవరికీ తెలియదు. మన తెలుగు గడ్డ మీద అలాంటి మాస్టారు ఒకాయన ఉన్నారు. వృత్తిరీత్యా బడి పంతులు. పుట్టింది, పెరిగింది, పాఠాలు చెప్పింది, చివరకు కన్నుమూసింది కూడా హైదరాబాద్‌లోనే. భారత ఫుట్‌బాల్ జట్టు రెండుసార్లు ఏషియాడ్ బంగారు పతకం గెలిచినా, ఒకసారి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్ళినా, ఆ మూడుసార్లూ కోచ్ ఆయనే. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్ళందరూ రహీం సాబ్ అని పిలుచుకునేవారు.

ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన జీవితం గురించి రాయాలని మేము అనుకోవడానికి కారణం ఉంది. మొవ్వ చుట్టుపక్కల, ఇటు బందరు నుంచి గుడివాడ వరకు, అటు దివిసీమ దాకా మనకు కబడ్డీ తెలుసు, వాలీబాల్ తెలుసు, క్రికెట్ సరేసరి. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు తక్కువ. మన డెల్టాలో వరి కోసిన చేలో ఆడుకుందామనుకుంటే అప్పటికే మినుము మొలిచి ఉంటుంది. కనుక ఖాళీ మైదానం అనేది మనకు అరుదైన వస్తువు. అయినా రహీం గారి కథ చదివితే అది ఒక్క ఫుట్‌బాల్ కథ మాత్రమే కాదనిపిస్తుంది. సౌకర్యాలు లేనిచోట ఒక మాస్టారు పిల్లల్లో ఏం చూడగలరు, ఎంత దూరం తీసుకెళ్ళగలరు అన్నదే ఆ కథ. అది హాస్టల్లో ఉండి చదువుకునే మనందరికీ కావలసిన కథ.

బడి పంతులు

రహీం గారు 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. అప్పుడు అది నిజాం సంస్థానం. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన చదువుకున్నారు. ఆ విశ్వవిద్యాలయం జట్టు తరఫున ఫుట్‌బాల్ ఆడారు. పట్టా పుచ్చుకున్నాక ఉపాధ్యాయ వృత్తిలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూమ్ హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పనిచేసిన బడులు. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేసి బడిలో ఆటల బాధ్యత తీసుకున్నారు.

ఆటగాడిగా ఆయన దేశమంతా మారుమోగిన పేరేమీ కాదు. ఆయన గొప్పతనం ఆడించడంలో ఉంది. పాఠం చెప్పే అలవాటునే ఆయన మైదానంలోకి తీసుకెళ్ళారు. కుర్రవాడికి రానిది ఏమిటో కనిపెట్టడం, అది వచ్చేదాకా విసుగు లేకుండా చేయించడం, వచ్చాక తరువాతి మెట్టు ఎక్కించడం, ఇదే ఆయన పద్ధతి.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు కార్యదర్శి అయ్యారు. చనిపోయేవరకు, అంటే ఇరవై ఏళ్ళపాటు ఆ బాధ్యతలోనే ఉన్నారు. ఆ ఇరవై ఏళ్ళలోనే హైదరాబాద్ ఫుట్‌బాల్ దేశానికి తలమానికమైంది.

విచిత్రమైన పోటీలు

రహీం గారు నగరంలో పెట్టించిన పోటీల గురించి వింటే ముందు నవ్వు వస్తుంది, తరువాత ఆలోచన వస్తుంది. ఒక రకం పోటీలో ఆటగాడు తన బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితో ఆడాలన్నమాట. ఇంకో రకం పోటీలో బంతిని కాళ్ళ మధ్య ఆడిస్తూ ఒంటరిగా పరుగెత్తకూడదు. అందిన వెంటనే తోటివాడికి ఇచ్చెయ్యాలి. మరో రకం పోటీకి ఎత్తు కొలిచి ఆటగాళ్ళను తీసుకునేవారు. పొట్టివాళ్ళు పొట్టివాళ్ళతోనే పోటీ పడేవారు. చిన్న పిల్లలు పెద్దవాళ్ళ భుజాల మధ్య నలిగిపోకుండా ఆట నేర్చుకోవడానికి ఇది మార్గం.

వీటికి పెద్ద ఖర్చు లేదు. కావలసిందల్లా ఒక బంతి, కాస్త జాగా, ఒక నియమం. నియమాన్ని కొద్దిగా మార్చడం ద్వారా ఆటగాడిలోని లోపాన్ని సరిదిద్దడం ఆయన కనిపెట్టిన కిటుకు. రెండు కాళ్ళతోనూ సమానంగా ఆడగలగడం, బంతిని దగ్గర పెట్టుకోకుండా చకచకా పాస్ చెయ్యడం, తొంభై నిమిషాలూ అలుపు లేకుండా పరుగెత్తడం అనే మూడింటినీ ఆయన ప్రాణంగా భావించారు.

పోలీసు జట్టు దిగ్విజయం

ఈ పద్ధతులన్నీ పండింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులో. 1950లో ఈ జట్టు శిక్షణ రహీం గారి చేతికి వచ్చింది. అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు, డ్యూరాండ్ కప్పు దేశంలో పేరున్న పోటీలు. 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్, 1891లో మొదలైన రోవర్స్ రెండూ తొలినాళ్ళలో బ్రిటిష్ సైనిక దళాల ఏలుబడిలో ఉండేవి. తరువాత కలకత్తా క్లబ్బుల హవా నడిచింది. దక్షిణాది నుంచి పోలీసు ఉద్యోగుల జట్టు ఒకటి వచ్చి వాళ్ళందరినీ ఓడిస్తుందని ఎవరూ ఊహించలేదు.

1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పును హైదరాబాద్ సిటీ పోలీసు జట్టే గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. మళ్ళీ 1954లో, 1957లో డ్యూరాండ్ గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు అని పేరు మారాక 1961లో నాలుగోసారి గెలిచింది. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని కూడా 1956-57, 1957-58 సంవత్సరాలలో హైదరాబాద్ జట్టు వరుసగా గెలుచుకుంది.

బ్యాక్ అంటే ఎవరు?

ఫుట్‌బాల్ అంతగా చూడని తమ్ముళ్ళ కోసం కొంచెం చెబుతాం. జట్టులో పదకొండు మంది. గోలు స్తంభాల ముందు ఉండేవాడు గోలీ. అతనికి ముందు కాపలాగా నిలబడేవాళ్ళే బ్యాక్‌లు. ఇప్పుడు డిఫెండర్లు అంటున్నాం. ఆ రోజుల్లో మన దేశంలో చాలా జట్లు ఇద్దరు బ్యాక్‌లతోనే ఆడేవి. బ్యాక్ పని బంతి కనిపిస్తే బలంగా తన్ని అవతలకు పంపడమే అన్న అభిప్రాయం ఉండేది. ఎంత దూరం తంతే అంత గొప్ప బ్యాక్ అని జనం చప్పట్లు కొట్టేవారు.

రహీం గారు దీనిని మార్చారు. గుడ్డిగా తన్నిన బంతి మళ్ళీ ఎదుటివాడికే దొరుకుతుంది, కనుక బ్యాక్ కూడా తోటివాడిని చూసి పాస్ ఇవ్వాలి. మన దాడి అక్కడి నుంచే మొదలు కావాలి. ప్రపంచంలో ఆట ఎలా మారుతున్నదో ఆయన శ్రద్ధగా గమనించేవారు. కాలం మారేకొద్దీ భారత జట్టులో ఇద్దరు బ్యాక్‌లు ముగ్గురయ్యారు, 1962 నాటికి నలుగురయ్యారు. ఈ మార్పులన్నీ మన దేశంలో నిలదొక్కుకోవడంలో ఆయన పాత్ర చాలా పెద్దది.

ఆయన తీర్చిదిద్దిన బ్యాక్‌లలో ముందుగా చెప్పుకోవలసిన పేరు సయ్యద్ ఖ్వాజా అజీజుద్దీన్. హైదరాబాద్ పోలీసు జట్టు రక్షణకు మూలస్తంభం. ఆయన ముందు హాఫ్ స్థానంలో నూర్ మహమ్మద్ ఆడేవారు. వీరిద్దరూ 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లోనూ, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లోనూ భారత జట్టులో ఉన్నారు. గోల్ కొట్టినవారి పట్టికలో వెతికితే ఇలాంటి ఆటగాళ్ళ పేర్లు మీకు కనపడవు. కానీ వరుసగా ఐదేళ్ళు కప్పు నిలబెట్టుకున్న జట్టులో వెనుక గోడ ఎంత గట్టిగా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

పదికి ఒకటి

1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఏషియాడ్ జరిగింది. రహీం గారి శిక్షణలో భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి బంగారు పతకం గెలిచింది. గోల్ కొట్టినవారు సాహు మేవాలాల్. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్ళే అయిన దేశానికి అది పెద్ద పండుగ.

మరుసటి సంవత్సరమే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడిపోయింది. మన ఆటగాళ్ళలో చాలామంది చలి దేశంలో బూట్లు లేకుండా వట్టి కాళ్ళతో ఆడారు. ఆ యుగోస్లావియా సామాన్యమైన జట్టు కాదు, ఆ ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచింది. అయినా పది గోల్స్ అంటే అవమానమే. ఆ ఓటమి తరువాత భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది.

పరీక్షలో ఒక్క సబ్జెక్టు పోతేనే మనలో కొందరు పుస్తకాలు ట్రంకు పెట్టెలో పడేసి ఇంటికి వెళ్ళిపోతారు. రహీం గారు అంత పెద్ద ఓటమిని పాఠంగా తీసుకున్నారు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఫలితం కనపడింది.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో హంగేరీ పోటీ నుంచి తప్పుకోవడంతో మన జట్టు తరువాతి మెట్టుకు చేరింది. అక్కడ ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా ఎదురైంది. ఈసారి ముందు గోల్ కొట్టింది మనవాళ్ళే. చివరకు 4-1తో ఓడిపోయినా, ఆట నాలుగేళ్ళ కిందటి ఆట కాదు. కంచు పతకం కోసం జరిగిన పోటీలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచాం. ఒలింపిక్ ఫుట్‌బాల్లో భారతదేశం ఇప్పటివరకు అంతకంటే పైకి వెళ్ళలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో కూడా ఆయనే కోచ్. హంగేరీతో 2-1 తేడాతో ఓడాం, ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచాం, పెరూతో 3-1తో ఓడాం. పతకం రాలేదు గాని యూరప్ జట్లతో తలెత్తుకుని ఆడగలమని తేలింది. ఆ జట్టులో రహీం గారి కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా సభ్యుడు. ఆయన తరువాతి కాలంలో అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకుని, 2021లో మరణించారు.

సైకిల్ అద్దె

రహీం గారి జీవితంలో మాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడ అనే పల్లెలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు ఉండేవాడు. ఆట బాగా ఆడేవాడు. రహీం గారి కన్ను అతని మీద పడింది. నగరంలో జరిగే శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం రోజూ వచ్చి పోవడానికి ఆ కుర్రవాడి దగ్గర డబ్బు లేదు. సైకిల్ అద్దెకు కావలసిన డబ్బు రహీం గారే ఇచ్చి రప్పించుకున్నారు.

ఆ సైకిల్ మీద వచ్చిన కుర్రవాడే 1956లో ఇరవై ఏళ్ళ వయసులో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళాడు. 1960లో రోమ్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. భారతదేశం చూసిన గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడిగా పేరు తెచ్చుకుని 2023 ఫిబ్రవరిలో కన్నుమూశారు. ఆ అద్దె డబ్బు ఆనాడు ఎవరూ ఇవ్వకపోయి ఉంటే ఆ ప్రతిభ అమ్ముగూడలోనే ఆగిపోయేది. ప్రతిభకు దారి ఖర్చు కూడా కావాలి. ఈ సంగతి హాస్టల్ పిల్లలకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

జకార్తా

1954, 1958 ఏషియాడ్లలో మన ఫుట్‌బాల్ జట్టుకు పతకం రాలేదు. 1962లో ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగిన ఏషియాడ్‌కు రహీం గారు జట్టును తీసుకెళ్ళారు. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. తరువాత థాయిలాండ్‌ను 4-1తో గెలిచాం గాని, ఆ ఆటలో మన బ్యాక్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. పంజాబ్‌కు చెందిన జర్నైల్ ఆ కాలంలో ఆసియాలోనే పేరుమోసిన డిఫెండర్. వెనుక గోడకు ముఖ్యమైన రాయి ఊడిపోయినట్టయింది. ఆయన లేకుండానే జపాన్‌ను 2-0తో గెలిచి సెమీఫైనల్ చేరాం.

ఇక్కడే రహీం గారు ఎవరూ ఊహించని పని చేశారు. కుట్లున్న తలతో జర్నైల్‌ను వెనుక ఆడించడం కష్టం. అలాగని అంతటి వీరుడిని బయట కూర్చోబెట్టడమూ ఇష్టం లేదు. అందుకని ఆయనను తీసుకెళ్ళి అందరికంటే ముందు, సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో నిలబెట్టారు. గోల్స్ ఆపేవాడిని గోల్స్ కొట్టమన్నారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించాం. అందులో ఒక గోల్ జర్నైల్‌ది.

ఈలోగా జకార్తాలో వాతావరణం చెడిపోయింది. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. దీనిని మన దేశానికి చెందిన క్రీడా ప్రముఖుడు గురుదత్ సోంధీ గట్టిగా తప్పుపట్టారు. దాంతో అక్కడి జనం భారతదేశం మీద ఆగ్రహించారు. ఫైనల్‌కు ముందురోజు భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మన ఆటగాళ్ళు బయటకు వెళ్ళాలంటేనే జంకే పరిస్థితి.

1962 సెప్టెంబరు 4. సెనయన్ స్టేడియంలో లక్షమంది జనం. దాదాపు అందరూ మనకు వ్యతిరేకంగా అరుస్తున్నవారే. మనకోసం చప్పట్లు కొట్టినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు ఉండడం విశేషం. ఎదురుగా మొదటి ఆటలో మనల్ని ఓడించిన అదే దక్షిణ కొరియా. ఆ రోజు జట్టులో మన జంటనగరాల వారే ముగ్గురు: గోలీ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, బలరాం. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టారు. మరో మూడు నిమిషాలకు జర్నైల్ సింగ్ రెండోది కొట్టారు. ఇక మిగిలిన డెబ్బై నిమిషాలు చంద్రశేఖర్, త్రిలోక్ సింగ్, అరుణ్ ఘోష్ వంటి వాళ్ళు వెనుక కాచుకున్నారు. చివరి నిమిషాల్లో కొరియా ఒక్క గోల్ మాత్రమే తిరిగి ఇవ్వగలిగింది. 2-1తో భారతదేశానికి బంగారు పతకం.

గోల్ కొట్టిన ఇద్దరి పేర్లూ పుస్తకాలకెక్కాయి. తలకు కుట్లు ఉన్న బ్యాక్‌లో ఒక ఫార్వర్డ్‌ను చూసిన కళ్ళు మాత్రం మైదానం గీత అవతల ఉన్నాయి.

ఆయన తరువాత

జకార్తా నుంచి తిరిగి వచ్చిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం గారు కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. కోచ్‌లకిచ్చే ద్రోణాచార్య అవార్డు 1985లో గాని పుట్టలేదు. 2024లో ఆయన జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చినప్పుడు గాని మన తరంలో చాలామందికి ఆయన పేరు తెలియలేదు.

ఆయన వేసిన విత్తనం మరికొన్నాళ్ళు కాపు కాసింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో కంచు పతకం గెలిచిన భారత జట్టుకు నాయకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ నయీముద్దీన్. ఆయన కూడా డిఫెండరే. ఆ తరువాత కాపు తగ్గిపోయింది. ఆంధ్రప్రదేశ్‌కు మళ్ళీ సంతోష్ ట్రోఫీ రాలేదు. ఏషియాడ్ ఫుట్‌బాల్లో 1962 తరువాత మన దేశానికి బంగారు పతకం లేదు. ఒక మనిషి మీదే ఆధారపడిన పని ఆ మనిషితోనే వెనుకబడుతుంది. రహీం గారు చేసిన పనిని ఊరూరా చేసేవాళ్ళు తయారు కాకపోవడమే మనకు జరిగిన నష్టం అని మేము భావిస్తున్నాం.

అందుకే ఈ వ్యాసాన్ని నివాళితో సరిపెట్టడం మాకు ఇష్టం లేదు. ఉద్యోగాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థులైన అన్నయ్యలకు మా మనవి ఒక్కటే. మీరు చదువుకున్న ఈ హాస్టల్లో ఈ ఏడాది కూడా ఒక బలరాం ఉండే ఉంటాడు. ఆటలోనో, లెక్కల్లోనో, బొమ్మలు వెయ్యడంలోనో. అతనికి కావలసింది బహుశా ఒక సైకిల్ అద్దె అంత సాయమే. వచ్చినప్పుడు కాస్త కనిపెట్టి చూడండి.

తమ్ముళ్ళకు చెప్పేది ఇది. జట్టులో వెనుక నిలబెట్టారని ఎవరూ చిన్నబుచ్చుకోకండి. గోడ లేని ఇంటికి గుమ్మం ఎంత బాగున్నా లాభం లేదు. అలాగే ఒకచోట నిలబెట్టారు గనుక జీవితమంతా అక్కడే నిలబడాలనీ అనుకోకండి. జర్నైల్ సింగ్‌ను గుర్తుపెట్టుకోండి. వచ్చే వార్షికోత్సవం ఆటల పోటీల్లో ఎడమకాలి ఫుట్‌బాల్ ఆట ఒకటి చేర్చమని వార్డెన్ గారిని అడుగుదాం. ఒక బంతి, మన హాస్టల్ ముందున్న ఆ కాస్త జాగా చాలు. రహీం మాస్టారు మొదలుపెట్టింది కూడా అంతతోనే.